మూన్నార్ ప్రయాణం: ముందు వరయాడు ఈనే కాలం చూసుకోండి

మూన్నార్ వెళ్లాలనుకునే హైదరాబాదు కుటుంబాలు ముందు రైలు టికెట్లు, తర్వాత హోటల్ గది చూసుకొని, ఇరవికుళం జాతీయ ఉద్యానవనం సంగతి అక్కడికి చేరాక ఆలోచిస్తాయి. ఈ వరుసను తిరగేయమని నా మనవి. ఆ అడవిలో ఉండే వరయాడు, అంటే నీలగిరి కొండమేక, ఈనే కాలమని ఏటా సుమారు ఫిబ్రవరి మొదటి నుంచి మార్చి చివరి దాకా సందర్శకులను లోపలికి రానివ్వరు. అది తెలియక మేము ఒక మార్చి నెలలో పిల్లలను వెంటబెట్టుకొని గేటు దాకా వెళ్లి వెనుదిరిగాము. కొండమేకను చూడాలని దారి పొడవునా అడుగుతూ వచ్చిన మా అమ్మాయికి ఏమి చెప్పాలో ఆ రోజు నాకు తోచలేదు. మూసే తేదీలు ఏటా కొద్దిగా మారుతుంటాయి కనుక, టికెట్లు కొనకముందే కేరళ అటవీ శాఖ ప్రకటన చూసుకోవాలి.

మన సెలవుల్లో సంక్రాంతి రోజులు వాతావరణానికి అన్నిటికంటే అనుకూలం. ఉదయాలు నిర్మలంగా ఉంటాయి, రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. అయితే అదే సమయంలో మకరజ్యోతికి వెళ్లే అయ్యప్ప స్వాములతో కేరళ రైళ్లన్నీ నిండి ఉంటాయి కాబట్టి, రిజర్వేషన్ తెరిచే రోజునే, అంటే ప్రయాణానికి 60 రోజుల ముందే, టికెట్లు తీసుకోవాలి. అది కుదరనివారికి ఏప్రిల్ చివరలో బడులు మూసిన తర్వాతి వారాలు మేలు; అప్పటికి ఉద్యానవనం మళ్లీ తెరుస్తారు, అదృష్టం బాగుంటే తల్లుల వెంట తిరిగే పిల్లలు కూడా కనిపిస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండపోత వానలు, కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటాయి. దసరా సెలవుల్లో కూడా వాన పూర్తిగా వదలదు, ఎందుకంటే ఈశాన్య రుతుపవనాలు ఆ కొండలకూ తగులుతాయి.

సికింద్రాబాదు నుంచి తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఎర్నాకుళానికి కాస్త ముందు వచ్చే ఆలువాలో దిగాలి. విమానంలో వెళ్లేవారు దిగే కొచ్చి విమానాశ్రయం కూడా ఆలువా దగ్గరే. అక్కడి నుంచి మూన్నార్ దాదాపు 110 కిలోమీటర్లు. మన లెక్కన హైదరాబాదు నుంచి సూర్యాపేట కంటే తక్కువ దూరమే కదా అని రెండు గంటల్లో చేరతామనుకోవద్దు. నేరియమంగళం దగ్గర పెరియార్ వంతెన దాటగానే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. అడిమాలి మీదుగా వెళ్లే ఆ దారికి నాలుగైదు గంటలు పడుతుంది. మలుపులకు వాంతులయ్యే పిల్లలకు బయలుదేరే ముందు కడుపు నిండా తినిపించకుండా, డాక్టరును అడిగి తెచ్చుకున్న మాత్రను అరగంట ముందే వేయాలి. దారిలో చీయప్పార జలపాతం దగ్గర ఆగవచ్చు గాని, వాన రోజుల్లో ఆ రాళ్ల మీదకు ఎక్కకూడదు.

జాతీయ ఉద్యానవనం అనగానే మనకు కేబీఆర్ పార్కు నడకదారి గుర్తుకొస్తుంది. అది నాలుగు వందల ఎకరాలకు లోపే; ఇరవికుళం 97 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 24 వేల ఎకరాలు. అందులో సందర్శకులకు తెరిచి ఉంచేది రాజమల వైపున్న చిన్న భాగం మాత్రమే. సొంత వాహనాలను టికెట్ కౌంటర్ దగ్గరే వదిలి అటవీ శాఖ బస్సులో పైకి వెళ్లాలి, ఆపైన నడక. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకొని ఉదయం మొదటి బస్సులకే చేరండి. ఎండ పెరిగేకొద్దీ లోయల్లోంచి మబ్బు లేచి, దక్షిణ భారతంలోకెల్లా ఎత్తైన ఆనముడి శిఖరాన్ని, దాని 2,695 మీటర్లనూ కప్పేస్తుంది.

వరయాళ్లు రోడ్డు పక్కనే, మనిషికి బెదరకుండా మేస్తుంటాయి. వయసు మళ్లిన పోతులను నడుము మీద ఉండే తెల్లని జీను వంటి మచ్చను బట్టి గుర్తుపట్టవచ్చు. అవి బెదరవంటే మచ్చికైనవని కాదు, ఏళ్ల తరబడి అక్కడ ఎవరూ వాటికి హాని చేయలేదని అర్థం. కాబట్టి బిస్కెట్లు చూపి పిలవడం, తల్లికీ పిల్లకూ మధ్య నిలబడి ఫొటో దిగడం చేయవద్దని మరీ మరీ వేడుకుంటున్నాను. ప్లాస్టిక్ సంచులు గదిలోనే వదిలి స్టీలు సీసాలో నీళ్లు తీసుకెళ్లండి. 12 ఏళ్లకోసారి కొండలను నీలంగా మార్చే కురింజి పూలు 2018లో పూశాయి. ఆ ఆగస్టు వరదలకు దారులు తెగి చాలామంది చూడలేకపోయారు. మళ్లీ 2030లో పూయాలి.

రెండు రాత్రులకు తక్కువ ఉండవద్దు, ఎందుకంటే ఒక ఉదయం మబ్బు పట్టినా మరో ఉదయం చేతిలో ఉంటుంది. మిగిలిన రోజు మాట్టుపెట్టి ఆనకట్టకంటే, ఉద్యానవనం దారిలోనే ముందుకు సాగి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని మరయూర్ చూడటం మంచిదని నా అభిప్రాయం. వానచాటు ప్రాంతం కావడంతో అక్కడ నేల ఒక్కసారిగా పొడిబారి, తేయాకు తోటలు పోయి చందనపు చెట్లు, చెరకు పొలాలు మొదలవుతాయి. బెల్లం వండే బట్టీల దగ్గర ఆగి వేడి వేడి మరయూర్ బెల్లం రుచి చూడవచ్చు. ఆ దారిలో ఏనుగులు తిరుగుతాయి కాబట్టి చీకటి పడకముందే మూన్నార్ చేరుకోవాలి.