కొయ్యకాళ్ల మడిలో స్కీల విమానం

స్కీలు, అంటే మంచు మీద జారే పలకలు, మంచుదేశాల సరుకే. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మంచంటే గడ్డిని తడిపేదే, నేలను కప్పేది కాదు. అయినా వరికోతలయ్యాక ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే బొమ్మ) విమానానికి స్కీలు ఇక్కడా అక్కరకొస్తాయి. చిన్న చక్రం కొయ్యకాళ్లలో ఇరుక్కుంటే విమానం ముక్కు మీద పడుతుంది. స్కీ అయితే పైనుంచి జారిపోతుంది.

ఈ కొలతలు మీటరు రెక్క, 700 గ్రాముల బరువు, తోకచక్రం ఉన్న ఫోమ్ విమానానికి. బోర్డులకు వాడే 4 మి.మీ. గాడుల ప్లాస్టిక్ షీటులో 22 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు ముక్కలు రెండు కోయండి. గాడులు పొడవునా ఉండాలి, అడ్డంగా ఉంటే స్కీ మడతపడుతుంది. ముందు 4 సెం.మీ. పైకి వంచండి. చక్రాలు తీసేసి, ఆ ఇరుసు స్కీకి దాదాపు నడిమికి వచ్చేలా, దాని మీద స్కీ పైకీ కిందికీ ఆడేలా బిగించండి.

అసలు కిటుకు రబ్బరులో ఉంది. స్కీ ముందుకొస నుంచి విమానం పొట్టకు రబ్బరుబ్యాండు, వెనకకొస నుంచి సాగని గాలపుదారం కట్టండి. గాల్లో రబ్బరు ముందుకొసను పైకి లాగుతుంది, దారం ఆ ఎత్తు మితిమీరకుండా ఆపుతుంది. రెక్క ముందంచు నుంచి వెనకంచుకు గీసిన గీతకంటే స్కీ ముందుకొస 3 నుంచి 5 డిగ్రీలు ఎత్తులో ఉంటే చాలు. రబ్బరు తెగిందా, కొస కిందికి వాలి విమానాన్ని నేలకు లాగేస్తుంది. దుకాణపు రబ్బర్లు ఎండకు పెళుసెక్కుతాయి, అందుకే ఎగరేసే ప్రతిరోజూ కొత్తవి వేయండి.

స్కీల బరువు ముందుకు పడుతుంది. బ్యాటరీ వెనక్కి జరిపి, రెక్క వెడల్పులో ముందంచు నుంచి 25–30 శాతం దగ్గర తూకం మళ్లీ సరిచూడండి.

రైతునడగనిదే మడిలో దిగొద్దు. కోత అయినట్టే కనిపించినా అందులో పెసలు, మినుములు జల్లి ఉండొచ్చు. గట్టుకు దూరంగా, కొయ్యకాళ్ల వరుస వెంబడే పరుగు పెట్టించండి. స్కీకి బ్రేకు లేదు, మోటారు తిరిగితే కదిలిపోతుంది. ఎలివేటర్ (తోక మీద ఆడే అడ్డపలక) పైకి పట్టి థ్రాటిల్ (మోటారు వేగం) నెమ్మదిగా పెంచండి. ఒక్కసారిగా తోస్తే ముక్కు తిరగబడుతుంది.

చలికి లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వోల్టేజి త్వరగా పడిపోతుంది. ఎగరేసేదాకా గుడ్డ చుట్టి వెచ్చగా ఉంచండి, బ్యాటరీ సెల్ ఒక్కోటి 3.5 వోల్టులకు రాగానే విమానాన్ని దించేయండి. పొగమంచు విడిచాకే మొదలుపెట్టండి, విమానం కంటికి ఆనుతూ ఉండాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా ఎత్తుకు 400 అడుగులే పరిమితి. ఒడిశాలోని జయపురం విమానాశ్రయం దగ్గర్లోనైతే ముందు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడండి.