గాలి ఓడల యుద్ధం: స్వయంబోధిని, నాలుగవ పాఠం – చుక్కాని దగ్గర మనిషి

గడచిన మూడు పాఠాలలో గన్స్ ఆఫ్ ఐకారస్ ఆన్‌లైన్ అనే కంప్యూటర్ ఆటలోని గాలి ఓడ భాగాలనూ, తుపాకులనూ, మరమ్మతు పనిముట్లనూ చూశాము. ఇప్పుడు కెప్టెన్ దగ్గరకు వద్దాము. న్యూయార్క్‌లోని మ్యూజ్ గేమ్స్ సంస్థ 2012 అక్టోబరులో విడుదల చేసిన ఈ ఆటలో ఒక్కొక్క ఓడ మీద నలుగురు ఉంటారు. ఒకరు కెప్టెన్, మిగిలిన ముగ్గురూ గన్నర్లుగానో ఇంజనీర్లుగానో పనిచేస్తారు. ఓడను నడిపేదీ కెప్టెనే, ఎటు పోవాలో ఎవరితో తలపడాలో తేల్చేదీ కెప్టెనే. గోదావరి మీద లాంచీ నడిపే సరంగు పనీ, ఆ లాంచీ యజమాని పనీ రెండూ ఒకే మనిషి నెత్తిన పడినట్లు అనుకోండి. కొత్తగా చుక్కాని పట్టినవారు సరంగు పని వస్తే చాలనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

కెప్టెన్ చుక్కాని వదిలి తుపాకి పట్టుకోవడానికి ఆట అడ్డు చెప్పదు గాని, ఆ పని చేసిన క్షణం నుంచి ఓడకు దిక్కు ఉండదు. అందువల్ల కెప్టెన్ శత్రువును కొట్టేది ఎప్పుడూ ఇతరుల చేతులతోనే. శత్రువు గన్నర్ కళ్ళెదుట ఎంతసేపు నిలిచాడు, ఇంజనీర్ సెకన్లు ఎక్కడ ఖర్చయ్యాయి అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టే నేను ఏ కెప్టెన్‌నైనా అంచనా వేస్తాను. ఎన్ని ఓడలు కూల్చారన్నది ఆ తరువాతి మాట.

మొదటి ప్రశ్నను పిరమిడియన్ ఓడతో పరిశీలిద్దాము. దాని ముందు భాగాన పక్కపక్కనే రెండు చిన్న తుపాకులు ఉంటాయి. ఒకదానిలో గాట్లింగ్, రెండవదానిలో మోర్టార్ పెట్టడం ఈ ఆటలో పాత అలవాటు, మంచి అలవాటు కూడా. గాట్లింగ్ గుండ్లు శత్రువు కవచాన్ని చీల్చివేస్తాయి. కవచం పోయాక బయటపడిన హల్‌ను, అంటే ఓడ అసలు శరీరాన్ని, మోర్టార్ గుండ్లు పగలగొడతాయి. కవచాన్ని ఇంజనీర్లు మళ్ళీ నిలబెట్టగలరు గాని, హల్‌కు తగిలిన దెబ్బ ఆ ఓడ కూలేదాకా మానదు. అంటే కవచం పోయిన క్షణానికీ, అవతలి ఇంజనీర్ దాన్ని తిరిగి నిలబెట్టే క్షణానికీ మధ్య ఉన్న ఆ కొద్ది సెకన్లలోనే పోరాటం తేలిపోతుంది. గాట్లింగ్ పట్టినవారు "కవచం పోయింది" అని కేక వేసినప్పుడు మోర్టార్ గన్నర్ గుండ్లు నింపుకొని సిద్ధంగా ఉండాలి, అంతకు ముందే తొందరపడి కాల్చి ఖాళీ చేసి ఉండకూడదు. అదే సమయంలో ఓడ ముక్కు శత్రువు మీదే నిలిచి ఉండాలి.

సరిగ్గా ఇక్కడే కొత్త కెప్టెన్లు పొరపాటు చేస్తారు. శత్రువు పక్కకు జారుతున్నట్లు కనబడగానే చుక్కానిని ఒక్కసారిగా తిప్పేస్తారు. ఓడకు బరువుంది, చుక్కాని వదిలాక కూడా అది కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. గురి కుదిరిన గన్నర్ కళ్ళముందు నుంచి శత్రువు ఇలా వచ్చి అలా దాటిపోతాడు. అందుచేత తిరగడం ఎప్పుడు మొదలుపెట్టాలో ఆలోచించేముందే, ఎప్పుడు ఆపాలో ఆలోచించుకోవాలి. ఎత్తు విషయమూ ఇంతే. ప్రతి తుపాకికీ పైకి లేవడానికీ కిందికి దిగడానికీ హద్దులు ఉన్నాయి కనుక, శత్రువు మీకు స్పష్టంగా కనబడుతున్నా గన్నర్‌కు అందకపోవచ్చు. మీ కంటికి ఏది కనబడుతోందని కాక, గన్నర్ నిలబడిన చోటు నుంచి ఏది కనబడుతుందని మీలో మీరు అడుగుతూ నడపండి.

ఇక ఇంజనీర్ సెకన్ల సంగతి. రెండవ పాఠంలోని లెక్కను ఒకసారి గుర్తుచేసుకోండి. రబ్బరు సుత్తి ఒక్క దెబ్బతో 250 పాయింట్లు బాగుచేస్తుంది, ఆ తరువాత 9 సెకన్లపాటు ఆ భాగాన్ని ఎవరూ బాగుచేయలేరు. పైప్ రెంచ్ 120 బాగుచేసి 5 సెకన్లు ఆపుతుంది. స్పానర్ 40 మాత్రమే బాగుచేసి 2 సెకన్లు ఆపుతుంది గాని, పూర్తిగా విరిగిన భాగాన్ని తిరిగి నిలబెట్టడంలో దానంత వేగం మరొకదానికి లేదు. కవచం కొద్దిగా గీసుకుపోయినప్పుడే ఇంజనీర్ సుత్తి వేశారనుకోండి, వెంటనే వచ్చిపడిన పెద్ద దెబ్బకు 9 సెకన్లు తీరేదాకా చేతులు కట్టుకొని చూడవలసిందే. ఆ దెబ్బ రాబోతోందని ముందుగా తెలిసేది ఎదురుగా చూస్తున్న కెప్టెన్‌కే తప్ప, ఓడ లోపల వంగి పనిచేస్తున్న ఇంజనీర్‌కు కాదు. "ఇప్పుడే వేయకండి, దెబ్బ తగిలాక వేయండి" అన్న ఒక్క మాట ఓడను నిలబెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను.

కెప్టెన్ పనిముట్లు కూడా ఇంజనీర్ సెకన్లతోనే పనిచేస్తాయి. కెరోసిన్ ఓడను ముందుకు ఉరికిస్తుంది, ఫీనిక్స్ క్లా త్వరగా తిప్పుతుంది, రెండూ ఇంజన్లను తింటాయి. హైడ్రోజన్ పైకి లేపుతుంది, చ్యూట్ వెంట్ కిందికి దించుతుంది, ఆ రెండింటి దెబ్బ బెలూన్ మీద పడుతుంది. ఒకసారి దెబ్బతిని పారిపోతున్న స్క్విడ్ ఓడ వెంట కెరోసిన్ వదలకుండా పరుగెత్తించాను. ఇంజన్లు పోతున్నాయని వెనుక నుంచి ఇంజనీర్ రెండుసార్లు చెప్పినా వినలేదు. మేఘం చాటు నుంచి రెండవ శత్రువు బయటపడే వేళకు ఆ ఇంజనీర్ ఓడ చివర ఇంజన్ల దగ్గర ఉన్నాడు, కవచం దగ్గర ఎవరూ లేరు. కవచం పోయింది, ఓడ కూలింది. స్క్విడ్ మాకు దక్కనేలేదు. ఆ కెరోసిన్ ఖరీదు కట్టింది నా ఇంజనీర్ అని ఆ రోజు అర్థమైంది.

మాట్లాడడం గురించి విడిగా చెప్పాలి. కెప్టెన్ మాటలో ఏం జరగబోతోంది, ఎంతసేపటిలో జరగబోతోంది అన్న రెండూ ఉండాలి. "ఎడమకు తిరుగుతున్నాను, మూడు సెకన్లలో మీ తుపాకికి ఎదురొస్తాడు." "కెరోసిన్ వేస్తున్నాను, ఇంజన్లు చూడండి." ఇంతకంటే పొడుగు అక్కరలేదు. "కాల్చండి, కాల్చండి" అని అరవడం వల్ల ఎవరికీ కొత్తగా తెలిసేది ఏమీ లేదు. తప్పులు ఎంచడం ఆట ముగిశాక చేయవలసిన పని. ఆట మొదలుకాకముందు అందరూ కలుసుకొని వేచి ఉండే లాబీలో మాత్రం తీరికగా మాట్లాడండి. ఎవరికి ఏ తుపాకి అలవాటో అడగండి, ఏ పనిముట్లు తెచ్చుకోవాలో సూచించండి, కొత్తవారికి కారణం కూడా చెప్పండి. మీరు ఎంచుకున్న ఓడకు తగిన మనుషులు లేకపోతే ఓడనే మార్చండి.

మీ పక్షాన ఉన్న పక్క ఓడ కెప్టెన్‌తో మాట్లాడడం కూడా ఇందులో భాగమే. రెండు ఓడలు కలిసి ఒకే శత్రువు మీద పడితే అవతలి ఇంజనీర్లకు చేతులు చాలవు. ఒకరి తరువాత ఒకరుగా వెళితే మీవే ఒకదాని తరువాత ఒకటి కూలుతాయి. స్పైగ్లాస్ అనే దుర్భిణితో శత్రువును గుర్తించి, ముందుగా ఎవరిని పట్టాలో ఒక్క మాటలో చెప్పండి.

అభ్యాసం: ముందు ఒక ఆట మరొకరి ఓడ మీద ఇంజనీర్‌గా ఆడండి. ఓడ తిరిగేముందు ఎన్నిసార్లు మీకు చెప్పారో, ఎన్నిసార్లు చెప్పకుండా తిప్పారో కాగితం మీద గీతలు గీసుకోండి. తరువాత పిరమిడియన్ మీద మీరు కెప్టెన్‌గా రెండు ఆటలు ఆడండి. ప్రతి పనిముట్టు వాడేముందు దాని పేరు పైకి చెప్పండి, గాట్లింగ్ గన్నర్ కేక వేసిన తరువాత మోర్టార్ గుండ్లు శత్రువుకు తగిలేదాకా చుక్కానిని సన్నగా సవరించడం తప్ప గట్టిగా తిప్పకండి. ముందు భాగాన ఒకే పెద్ద తుపాకి ఉన్న గోల్డ్‌ఫిష్ ఓడను వచ్చే పాఠంలో నడుపుదాము. పక్క తుపాకులను ఎదురుకు తేవడానికి ఎంత తిరగాలో అక్కడ లెక్క వేయవలసి ఉంటుంది గనుక, మీ గీతల కాగితాన్ని దగ్గర ఉంచుకోండి.