ఎలక్ట్రిక్ కార్లను ట్రైలర్‌పై తరలించడం – 4వ పాఠం: చిన్న బ్యాటరీ సంగతి

ఈ పాఠంలో కారును ట్రైలర్‌కు బెల్టులతో కట్టే పద్ధతి చెబుతానని గతసారి మాట ఇచ్చాను. అయితే మూడో పాఠం చదివి పనిలోకి దిగినవారిలో నలుగురు ఒకే చిక్కులో పడ్డారు. లోడింగ్ రోజున ఏ ఇబ్బందీ లేకుండా ర్యాంపు ఎక్కిన కారు, మూడో రోజు షోరూము ముందు తలుపు కూడా తెరుచుకోలేదు. ఇందులో కొంత తప్పు నాదే. ఏ కారు తాళం చెవి ఆ కారుతోనే వెళ్లాలని రాశాను. ఆ కారు కాగితాలున్న సంచిలోనే తాళం చెవి కూడా వేసి, సంచిని ట్రక్కు క్యాబిన్‌లో ఉంచాలన్నది నా ఉద్దేశం. చదివినవారు తాళం చెవిని సీటు పక్క గూటిలో వదిలి తలుపు వేశారు. ఆ వాక్యాన్ని ఇప్పుడు సరిదిద్దుతున్నాను: కారు ట్రైలర్ మీద ఉన్నంతసేపు తాళం చెవి కారులో ఉండకూడదు, కారుకు దగ్గరలోనూ ఉండకూడదు.

ఆ నలుగురిలో ముగ్గురు అడిగిన ప్రశ్న ఒకటే. ఎక్కించేటప్పుడు తెర మీద చార్జింగ్ 50 శాతానికి పైగా కనిపించింది కదా, మరి కారు ఎందుకు కదల్లేదు? ఎలక్ట్రిక్ కారులో రెండు బ్యాటరీలు ఉంటాయన్న సంగతి తెలియక కాదు, తెలిసీ దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్లనే ఈ ప్రశ్న వస్తున్నది. తెర మీద కనిపించే శాతం నేల కింద పరచి ఉన్న పెద్ద బ్యాటరీది. తలుపు తాళం, తెర, కంప్యూటర్లు, చాలా కార్లలో పార్కింగ్ బ్రేకు కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీదే పనిచేస్తాయి. పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే కాంటాక్టర్లనే స్విచ్చులు మూసుకోవాలన్నా ఆ 12 వోల్టులే కావాలి. కాబట్టి చిన్న బ్యాటరీ ఖాళీ అయితే పెద్ద బ్యాటరీలో ఎంత విద్యుత్తు ఉన్నా అది మోటారుకు చేరదు.

అది ఎంత త్వరగా ఖాళీ అవుతుందో ఒక లెక్కతో చూద్దాం. చిన్న బ్యాటరీ 45 ఆంపియర్-గంటలది అనుకోండి. కారు పూర్తిగా నిద్రలో ఉన్నప్పుడు 30 మిల్లీ ఆంపియర్లు వాడుకుంటుందనుకుంటే, సగం ఖాళీ కావడానికి 750 గంటలు, అంటే దాదాపు నెల రోజులు పడుతుంది. అదే కారు మేలుకొని 5 ఆంపియర్లు వాడుకుంటూ ఉంటే సగం నాలుగున్నర గంటల్లో పోతుంది. తాళం చెవి లోపలే ఉంటే చాలా మోడళ్లలో కారు దాని కోసం వెతుకుతూ పదే పదే మేలుకొంటుంది. తలుపు సరిగా పడకపోతే లోపలి దీపం వెలుగుతూ ఉంటుంది, కంప్యూటర్లు నిద్రపోవు. నాలుగు వైపులా మూసిన ట్రైలర్‌లో ఆ వెలుగు బయటివారికి కనిపించదు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించే పొరపాటు మరొకటి ఉంది. బ్రేకు తొక్కకుండా స్టార్ట్ బటన్ నొక్కితే దీపాలు వెలుగుతాయి, తెర వస్తుంది, పాటలు కూడా వస్తాయి; కారు ఆన్ అయిందనే అనిపిస్తుంది. కానీ అప్పుడు కాంటాక్టర్లు ఇంకా మూసుకోలేదు, కారు చిన్న బ్యాటరీనే తాగుతున్నది. బ్రేకు తొక్కి నొక్కినప్పుడు రెడీ అన్న గుర్తు వస్తుంది. అప్పుడే కాంటాక్టర్లు మూసుకుని, కన్వర్టరు పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి చార్జింగ్ ఇవ్వడం మొదలవుతుంది. స్టాక్‌యార్డులో వరుసలో నిలబడి, ఎండకు తాళలేక రెడీ లేకుండానే బ్లోయరు, తెర వేసుకుని గంటసేపు కూర్చున్న కుర్రవాడు చిన్న బ్యాటరీని బాగా దించేసిన కారును ర్యాంపు ఎక్కిస్తున్నాడు. వరుసలో ఆగాలంటే రెడీలో ఉంచండి, లేదా పూర్తిగా ఆపి దిగిపోండి. ఈ రెండింటి మధ్య మూడో స్థితి మీకు అవసరం లేదు.

నేను ప్రతి కారు చిన్న బ్యాటరీని వోల్ట్‌మీటరుతో చూసిన తరువాతే ఎక్కిస్తాను. కారు ఆపి, బానెట్ తెరిచి, పావుగంట ఆగి చూడాలి. బానెట్ తెరవగానే కారు మేలుకొంటుంది కనుక వెంటనే చూస్తే లెక్క తప్పుతుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు, సగం ఉంటే సుమారు 12.2 చూపిస్తుంది. 12.4 కన్నా తక్కువ ఉన్న కారును నేను ట్రైలర్ పై డెక్కుకు, అంటే పై అంతస్తుకు, పంపను. అరగంట రెడీలో ఉంచి, ఆపి, మళ్లీ చూస్తాను. రెడీలో ఉండగా మీటరు 14 చూపిస్తే సంతోషించకండి, అది కన్వర్టరు ఇస్తున్న వోల్టేజీ. కొన్ని కార్లలో చిన్న బ్యాటరీ కూడా లిథియందే ఉంటుంది, వాటికి ఈ అంకెలు వర్తించవు. హ్యుందాయ్, కియా వంటి కార్లలో లోపలి ఫ్యూజు పెట్టెలో రవాణా కోసమే ఒక ఫ్యూజ్ స్విచ్ ఉంటుంది; ఆగి ఉన్న కారు చిన్న బ్యాటరీని వాడుకోవడం అది తగ్గిస్తుంది. మీ మోడల్‌లో అది ఉందో లేదో కారు పుస్తకంలో చూసి వాడండి.

కారు అప్పటికే చచ్చిపోతే, తాళం చెవిలో దాగి ఉన్న లోహపు తాళంతో తలుపు తెరిచి, 12 వోల్టుల బూస్టరు (చేతిలో పట్టుకెళ్లే అదనపు బ్యాటరీ) పెట్టండి: ముందు పాజిటివ్, ఆ తరువాత నెగెటివ్‌ను బ్యాటరీకి దూరంగా పుస్తకం చూపిన ఎర్త్ బిందువుకు. బూస్టరుకు బదులు మరో ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ నుంచి కేబుల్ కలపకండి. పెద్ద బ్యాటరీ విద్యుత్తు పారే నారింజ రంగు కేబుళ్లను ఎట్టి పరిస్థితిలోనూ తాకకండి. కారును లాగి దించేద్దామనే తొందర వద్దు; చక్రాలు తిరుగుతుంటే మోటారు జనరేటరులా పనిచేస్తుంది, పార్కింగ్ బ్రేకు పట్టి ఉంటే టైర్లు ఒరుసుకుపోతాయి.

బెల్టుల గురించి ఈసారికి ఇంతే: నేను టైరు మీదుగా వేసే బెల్టునే వాడతాను. కారు అడుగున బ్యాటరీ పెట్టె పరచుకొని ఉంటుంది కాబట్టి, అక్కడ కొక్కెం వేయడానికి చోటు వెతకడమే ప్రమాదం. పెనుకొండ నుంచి హైదరాబాద్ వైపు బయలుదేరితే అనంతపురం చేరకముందే ఒకసారి ఆగి అన్ని రాట్చెట్లూ (బెల్టును బిగించే మీటలు) తిరిగి బిగిస్తాను. మొదటి కుదుపులకే బెల్టులు వదులవుతాయి. మిగతాది ఐదో పాఠంలో చూద్దాం.

అభ్యాసానికి రెండు పనులు ఇస్తున్నాను. ఎనిమిది కార్లు పట్టే రెండు డెక్కుల ట్రైలర్ పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి బయలుదేరి, అనంతపురంలో రెండు, కర్నూలులో రెండు, హైదరాబాద్‌లో నాలుగు కార్లు దించాలి. ఏ కారు ఏ స్థానంలో ఉండాలో గీయండి. ఆపై ఒక్కొక్క స్థానంలోని కారు చచ్చిపోయిందనుకుని, దాని వెనక ఏ ఊరి కార్లు చిక్కుకుంటాయో ఎనిమిది సార్లూ రాయండి. రెండో పనికి ఆరు రాత్రులు కావాలి. బటన్‌తో స్టార్ట్ అయ్యే ఏ కారైనా సరే, పెట్రోల్‌దైనా సరే, మూడు రాత్రులు తాళం చెవిని కారులోనే ఉంచి, తలుపుకు తాళం వేయకుండా, మరో మూడు రాత్రులు పది మీటర్ల దూరంలో ఉంచి, ప్రతి ఉదయం అదే సమయానికి పైన చెప్పిన పద్ధతిలో చిన్న బ్యాటరీ వోల్టేజీ చూసి పట్టిక వేయండి. మొదటి మూడు రాత్రుల తరువాత కారును ఒక గంట నడిపి, బ్యాటరీ నిండాకే రెండో వంతు మొదలుపెట్టండి.