కుండీలోని ఎర్రమట్టితో మైక్రోకంట్రోలర్ నేర్చుకోవడం

ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు (మైక్రోకంట్రోలర్, అంటే మనం రాసిన ప్రోగ్రామును నడిపే చిన్న చిప్, ఉన్న బోర్డు), యూఎస్‌బీ కేబుల్, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చి కలిపే పలక), కొన్ని జంపర్ వైర్లు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, 220 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 10 కిలో ఓమ్‌లది ఒకటి, రెండు ఇనుప మేకులు, కుండీలో మన అనంతపురం ఎర్రమట్టి ఉంటే ఈ విద్య మొదలుపెట్టవచ్చు. మల్టీమీటరు కూడా ఉండడం మంచిది. తప్పు ప్రోగ్రాములో ఉందో వైరులో ఉందో తేల్చేది అదే.

మొదట ఎల్‌ఈడీని వెలిగించండి. పొడవు కాలును 220 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బోర్డు మీది 13వ పిన్‌కు (వైరు గుచ్చే రంధ్రానికి), పొట్టి కాలును గ్రౌండ్‌కు (GND అని రాసి ఉన్న పిన్‌కు) కలపాలి. 5 వోల్టులలో ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకోగా మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే 14 మిల్లీఆంపియర్లకు కాస్త తక్కువ వస్తుంది. పిన్‌కు 20 మిల్లీఆంపియర్లు దాటకపోవడం క్షేమం. ఈ లెక్క చేయకుండా రెసిస్టర్ పెట్టడం అలవాటు చేసుకోవద్దు. ఎల్‌ఈడీని వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే, బోర్డుతో వచ్చే బ్లింక్ ప్రోగ్రాములోని 1000 మిల్లీసెకన్ల విరామాన్ని 100కు, తర్వాత 10కి తగ్గించి చూడండి. చివరికి దీపం ఆగకుండా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది.

అసలు పాఠం మట్టిలో ఉంది: అందులో తడి ఎంతుందో కొలవడం. 7వ పిన్ నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను ఏ0 పిన్‌కు, అక్కడి నుంచి ఒక మేకుకు కలిపి, రెండో మేకును గ్రౌండ్‌కు కలపండి. మేకులను రెండంగుళాల ఎడంతో మట్టిలో గుచ్చి, 7వ పిన్‌ను హైలో (5 వోల్టుల స్థితిలో) పెట్టి, అనలాగ్‌రీడ్ (ఏ0 పిన్ వోల్టేజిని చదివే ఆదేశం) ఇచ్చే అంకెను సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే అంకెలను కంప్యూటర్‌లో చూపే కిటికీలో) చూడండి. అది 0 నుంచి 1023 వరకు ఉంటుంది. ఎండుమట్టిలో అంకె పైఅంచు దగ్గర నిలుస్తుంది. గ్లాసెడు నీళ్లు పోస్తే, నీరు ఇంకేకొద్దీ అది మెట్టుమెట్టుగా దిగుతుంది. 512 దగ్గరకు వచ్చినప్పుడు మట్టి నిరోధం కూడా దాదాపు 10 కిలో ఓమ్‌లే అని అర్థం.

నేను మొదట మేకులకు కరెంటును ఎడతెగకుండా ఇచ్చి ఉంచాను. కొన్నాళ్లకు పాజిటివ్ వైపు మేకు తుప్పుతో కరిగి సన్నబడింది, అంకెలు నమ్మదగనివయ్యాయి. విద్యుద్విశ్లేషణ (తడిలో కరెంటు పారి లోహం కరగడం) వల్ల జరిగే నష్టమిది. అందుకే నేరుగా 5 వోల్టుల పిన్‌ను వాడకుండా 7వ పిన్‌ను తీసుకున్నాం: చదివే ముందు హై చేసి, 10 మిల్లీసెకన్లు ఆగి, చదివిన వెంటనే లో (0 వోల్టులు) చేయాలి. గంటకొకసారి చదివితే చాలు.

ఇప్పుడు ఒక హద్దు నిర్ణయించి, అంకె దాన్ని దాటితే, అంటే మట్టి ఎండితే, ఎల్‌ఈడీ వెలిగేలా రాయండి. ఎల్‌ఈడీకి బదులు మోటారే ఆన్ కావాలని బోరు మోటారు స్టార్టరు జోలికి మాత్రం ఈ దశలో పోవద్దు. అది ప్రాణాంతకమైన వోల్టేజి. హద్దును ప్రోగ్రాము మొదట్లోనే ఒక వేరియబుల్‌గా (పేరు పెట్టిన విలువగా) ఉంచండి, ఎందుకంటే ఉరవకొండ వైపు నల్లరేగడిని తెచ్చి అదే కుండీలో నింపితే, లేదా ఎరువు కలిపితే, అంతే నీటికి వేరే అంకె వస్తుంది, అప్పుడు మార్చవలసింది ఆ ఒక్క వరుసే.