కృష్ణ ఒడ్డున మీ ఊరి చరిత్రను ఫోన్‌తో జనానికి చూపించడం ఎలా?

దుర్గమ్మ దర్శనానికి బెజవాడ వచ్చినవాళ్లలో చాలామంది బ్యారేజీ దాటి ఉండవల్లి గుహల దాకా కూడా రారు. అమరావతి వెళ్లినవాళ్లేమో అమరేశ్వరుడికి దండం పెట్టుకుని, బౌద్ధ స్తూపం దగ్గర ఇటుకల దిబ్బ చూసి ‘ఇంతేనా’ అనుకుని బండెక్కేస్తారు. వాళ్ల తప్పేం లేదు, అక్కడ ఒకప్పుడు ఏముండేదో చెప్పేవాళ్లు లేకపోతే ఎవరికైనా అంతే. 2028లో కృష్ణా పుష్కరాలున్నాయి, పని ఇప్పుడే మొదలుపెట్టండి.

ముందు గూగుల్ మ్యాప్స్ సరిచేయండి. వీడియోల కంటే ఇదే ముఖ్యం. పిన్ సరైన చోట ఉందా, తెరిచే వేళలు రాశారా, బండి ఎక్కడ ఆపాలి, ముసలివాళ్లు మెట్లెక్కగలరా అన్నవి చూసుకోండి. మీ రేవో పాత గుడో అసలు మ్యాప్‌లోనే లేకపోతే యాడ్ ప్లేస్ నొక్కి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పేరు పెట్టండి.

తర్వాత ఒక్క చోటు తీసుకుని దాని కథ సిద్ధం చేయండి. అమరావతి స్తూపం శిల్పాలు చాలావరకు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒక పలక మీద ఆ స్తూపాన్నే చెక్కారు: గుండ్రటి అండం (గుమ్మటం), చుట్టూ ప్రాకారం, వాకిట్లో సింహాలు. ఆ బొమ్మను ఫోన్‌లో చూసి తలెత్తితే ఎదురుగా ఉన్న దిబ్బ ఇక దిబ్బలా కనిపించదు! మ్యూజియం ఫొటోలు కాపీ కొట్టకుండా వాళ్ల పేజీకే లింక్ ఇచ్చి, పైన నాలుగు ముక్కలు తెలుగులో రాసి, క్యూఆర్ కోడ్ చేయించండి. స్తూపం పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి లోపల ఏదీ అంటించొద్దు, డ్రోన్ కూడా అనుమతి లేకుండా ఎగరేయొద్దు. బయట టీ కొట్లలో, ఆటోల్లో అడిగి అంటించండి.

వీడియో తీస్తే నిమిషం చాలు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చేసిన ఏనుగుకి, చింతగింజల పొడి రంపపు పొట్టు కలిపిన మక్కుతో తొండం అతికిస్తుంటే ఫోన్‌ని ఆ వేళ్లకు దగ్గరగా పెట్టండి. పాటలేం వద్దు, పనిముట్ల చప్పుడే బాగుంటుంది. కళాకారుడు సరేనంటేనే పేరు, నంబర్ పెట్టండి. బొమ్మల డబ్బు మాత్రం మధ్యలో ఎవరూ లేకుండా ఆయన యూపీఐకే వెళ్లాలి.

మీరు తీసిన మంచి ఫొటోలు, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఫొటోలు దాచే వికీమీడియా కామన్స్‌లో కూడా పెట్టండి, తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీకి పనికొస్తాయి. నెలకోసారి ఊళ్లో ఒకరు మ్యాప్స్‌లో వేళలు సరిచూడాలి. ఆ మనిషి ఎవరో మొదటిరోజే అనుకోండి.