సర్వీస్ క్లబ్బుకు వక్తను పిలవాలంటే

రోటరీ, లయన్స్ లాంటి సేవా క్లబ్బుల్లో మీటింగుకు వక్తను పిలిచే పని ప్రోగ్రాం కమిటీది. మా క్లబ్బులో ఆ కమిటీ అంటే ఎవరూ ముందుకు రారు. వక్తను వెతకాలి, ఫోన్లు చేయాలి, ఆయన రాకపోతే మాటలు పడాలి. కర్నూల్లో మందుల షాపు నడుపుకుంటూ చాలా ఏళ్లుగా ఈ పని చూస్తున్నాను కాబట్టి, కొత్తగా ఇది నెత్తిన పడ్డవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఏం సేవ చేయాలో తేల్చుకోండి. వక్తను వెతకడం ఆ తర్వాతే. చాలాచోట్ల ఇది తిరగేసి చేస్తారు. ఎవరో పెద్దాఫీసరు బదిలీ మీద ఊరికొచ్చారని పిలుస్తారు. ఆయన వ్యక్తిత్వ వికాసం గురించి గంటసేపు మాట్లాడతారు. శాలువా, మెమెంటో, పేపర్లో ఫొటో. మర్నాడు ఆయన ఏం చెప్పారని అడగండి, ఒక్కరూ చెప్పలేరు.

1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లయన్స్ మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చారు. చూపు, వినికిడి రెండూ లేని ఆవిడ తన కథ చెప్పి ఊరుకోలేదు. అంధుల కోసం మీరు పనిచేయండని సభ్యులను సూటిగా అడిగారు. ఇప్పుడు లయన్స్ పేరు చెప్పగానే కంటి శిబిరాలు గుర్తొస్తున్నాయంటే అందులో ఆ ప్రసంగానిది పెద్ద పాత్ర. అందుకే నేను ఎవర్ని పిలిచినా ఫోన్లోనే చెప్పేస్తాను: "సార్, చివర్లో మమ్మల్ని ఒక్క పని అడగండి. మా చేతనయ్యేది, రెండు నెలల్లో అయ్యేది."

రోటరీకైనా లయన్స్‌కైనా ఏడాది జూలై 1న మొదలవుతుంది. జూన్‌లోనే కూర్చుని కాలాన్ని బట్టి పనులు రాసుకోండి. వానలు పడి పొలం పనులు మొదలైతే పాముకాట్లు ఎక్కువవుతాయి. జూలైలో పెద్దాసుపత్రి డాక్టరును పిలవండి. కాటు పడ్డచోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు, కదలనివ్వకుండా ఆసుపత్రికి తేవాలి. ఈ నాలుగు మాటలు చాలు. ఆ తర్వాత క్లబ్బు చేయాల్సింది టార్చిలైట్లు, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు కొని కూలీలకు ఇవ్వడం. ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు కనక అప్పుడు ఐ బ్యాంకు వాళ్లు. మనిషి పోయాక 6 గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, తీయాలన్న సంగతి మన సభ్యుల్లోనే చాలామందికి తెలియదు.

పంట పనులు తగ్గాక ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి జనం పత్తి తీతకు, మిరప కోతలకు గుంటూరు దిక్కు వలస పోతారు. పిల్లల్ని వెంట తీసుకుపోతే వాళ్ల బడి ఆగిపోయినట్టే. దీని గురించి అక్కడి హెడ్మాస్టరు చెప్పగలరు. కానీ ఏటా వలస పోయే తల్లి ఒకామె చెబితే ఇంకా బాగుంటుంది. "ఆమెకు మైకులో మాట్లాడటం ఏం వస్తుందిలేన్నా?" అంటారు మనవాళ్లు. ప్రసంగం అడగొద్దు. పక్కన కుర్చీ వేసుకుని మీలో ఒకరు ప్రశ్నలు వేయండి, ఆమె జవాబులు చెబుతుంది. ఆ రోజు కూలీ, బస్సు చార్జీలు ముందే కవర్లో పెట్టి ఇవ్వండి. తిరుగు బస్సు ఎన్నింటికో కనుక్కుని దానికి గంట ముందే మీటింగు ముగించండి. ఆమెకు శాలువా కన్నా ఇదే మర్యాద.

రక్తదానం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన క్లబ్బులన్నీ దీన్నే చేస్తాయి, ఫొటో కోసం చేస్తాయి. ఒకే రోజు వంద యూనిట్లు ఇచ్చామని బ్యానరు కడతారు. మామూలు సంచిలో రక్తం 35 రోజులే నిలవుంటుంది, ప్లేట్‌లెట్లు 5 రోజులే. అందుకని శిబిరానికి ముందే బ్లడ్ బ్యాంకు డాక్టర్ని పిలిపించి, ఏ నెలలో ఎన్ని యూనిట్లు కావాలో ఆయన నోటే చెప్పించండి. కాలేజీలు మూసేసే మే నెలలోనే కొరత అంటారు. మన మే ఎండలు తెలుసుగా! పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదింటికి సర్దేయండి. వయసు 18 నుంచి 65 మధ్య, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. హిమోగ్లోబిన్ చాలక వెనక్కి పంపిన ఆడవాళ్లు ఎంతమందో రాసుకోండి. తర్వాత ఎవర్ని పిలవాలో, ఏ విషయం మీద పిలవాలో ఆ లెక్కే చెబుతుంది.

ఇక ఏర్పాట్లు. వక్తకు ఇరవై నిమిషాలు, ప్రశ్నలకు పది. పరిచయం నాలుగు వాక్యాలు దాటొద్దు. బయోడేటా అంతా చదివే సెక్రటరీ చేతికి మైకు ఇవ్వకండి. ముందురోజు ఒకసారి ఫోన్ చేయండి. సాయంత్రం రాజ్‌విహార్ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలుసు కదా, ఒక సభ్యుణ్ణి పంపి తీసుకురండి. ఆఫీసర్లకు ఆఖరి నిమిషంలో కలెక్టరేట్‌లో రివ్యూ పడుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. తన వృత్తి గురించి చెప్పడానికి ఒక సభ్యుణ్ణి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. మా క్లబ్బులో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చిన్న వ్యాపారుల జీఎస్టీ గురించి అలా మాట్లాడితే, అది వచ్చిన అతిథుల ప్రసంగాల కన్నా ఎక్కువ నడిచింది.

ప్రసంగం అయ్యాక వక్త ఇంకా అక్కడ ఉండగానే పేర్లు రాయించండి: డబ్బు ఎవరు, బండి ఎవరు, ఏ తేదీ. ఉగ్గాని, బజ్జి ఆ తర్వాతే బయటికి తేవాలి. ప్లేటు చేతికొచ్చాక మా వాళ్లలో ఒక్కరూ పేరు ఇవ్వరు. పని జరిగే రోజు వక్తకు కబురు పెట్టండి. రాలేకపోతే ఏం జరిగిందో రెండు ఫొటోలతో వాట్సాప్‌లో పంపండి. ఇలా పంపితే తర్వాతి వక్త ఫోన్ నంబరు చాలాసార్లు ఆయన దగ్గరే దొరుకుతుంది.