రోబోను తిన్నగా నడపడం ఎలా? ఎన్‌కోడర్ ఉన్న ఎన్20 మోటార్ల అమరిక

రెండు చక్రాల రోబోకు ఒకే రకం మోటార్లు బిగించి, రెండింటికీ ఒకే వోల్టేజీ ఇచ్చినా అది కాస్త దూరం వెళ్లేసరికి ఒక పక్కకు మళ్లిపోతుంది. ఏ రెండు మోటార్లలోనూ రాపిడి సరిగ్గా ఒకేలా ఉండకపోవడమే ఇందుకు కారణం. ఎన్‌కోడర్ ఉన్న మోటారులో వెనుక ఇరుసుకు చిన్న అయస్కాంతపు బిళ్ల, దాని పక్కన అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే రెండు హాల్ సెన్సర్లు ఉంటాయి. బిళ్ల తిరుగుతున్నంతసేపూ ఆ సెన్సర్లు ఎ, బి అనే రెండు తీగల మీద పల్స్‌లు పంపుతాయి కాబట్టి, వాటిని లెక్కపెట్టి ఏ చక్రం వెనకబడుతోందో కనిపెట్టవచ్చు. ఇక్కడ 6 వోల్టుల ఎన్20 అనే చిన్న గేరు మోటార్లు, వాటికి విద్యుత్తు అందించే టీబీ6612 డ్రైవర్, ప్రోగ్రాము నడిపే ఆర్డుయినో ఊనో బోర్డు తీసుకుంటున్నాను. పాత ఎల్298 డ్రైవర్ దాదాపు 2 వోల్టులను తానే తినేస్తుంది కనుక ఇంత చిన్న మోటార్లకు అది తగదు.

ముందుగా తీగలు. ఆరు తీగల్లో రెండు మోటారువి, రెండు ఎన్‌కోడర్ విద్యుత్తువి, మిగిలిన రెండు ఎ, బి సంకేతాలవి. రంగులు తయారీదారును బట్టి మారుతాయి కాబట్టి వాటిని నమ్మకుండా, బోర్డు మీద ముద్రించిన అక్షరాలను చూసే కలపాలి. మోటారు వోల్టేజీని ఎన్‌కోడర్‌కు ఇస్తే సెన్సర్లు కాలిపోయే ప్రమాదం ఉంది. వాటికి ఆర్డుయినో 5 వోల్టుల పిన్ను నుంచే ఇవ్వాలి. బ్యాటరీ, డ్రైవర్, ఆర్డుయినోల గ్రౌండ్ తీగలు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. డ్రైవర్‌లోని స్టాండ్‌బై పిన్నుకు 5 వోల్టులు అందకపోతే మోటార్లు అసలు కదలవు.

బ్యాటరీగా రెండు లిథియం సెల్స్‌ను వరుసగా కలిపితే, పూర్తిగా ఛార్జ్ అయినప్పుడు 8.4 వోల్టులు వస్తాయి. మోటారు 6 వోల్టులదే కాబట్టి, విద్యుత్తును వేగంగా వేస్తూ ఆపుతూ మోటారుకు అందే సగటు వోల్టేజీని మార్చే పీడబ్ల్యూఎం విలువ గరిష్ఠమైన 255కు బదులు 180 దాటకుండా ప్రోగ్రాములోనే కట్టడి చేయాలి.

ఊనోలో బయటి ఇంటరప్ట్ పిన్నులు, అంటే సంకేతం మారగానే నడుస్తున్న పనిని ఆపి లెక్కింపు చేయించగలిగేవి, 2, 3 మాత్రమే. అందుకే ఒక్కో మోటారు ఎ తీగను వాటిలో ఒకదానికి, బి తీగను ఏదైనా మామూలు పిన్నుకు కలపండి. ఎ పైకి లేచిన క్షణాన బి స్థితిని చదివితే చక్రం ముందుకు తిరుగుతోందో వెనక్కి తిరుగుతోందో తెలుస్తుంది. దాన్ని బట్టి లెక్కకు ఒకటి కలపాలి లేదా తీసేయాలి. లెక్క దాచే చరరాశిని, ఇంటరప్ట్ దాన్ని మధ్యలో మార్చవచ్చని కంపైలర్‌కు తెలిసేలా, వోలటైల్‌గా ప్రకటించాలి. అది నాలుగు బైట్లది కనుక, చదివేటప్పుడు ఒక్క క్షణం ఇంటరప్ట్‌లను ఆపకపోతే అప్పుడప్పుడు అర్థంలేని అంకెలు వస్తాయి.

తర్వాత చేయవలసిన కొలతను చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. బిళ్ల ఒక చుట్టుకు 7 పల్స్‌లు ఇచ్చి, గేర్ల నిష్పత్తి 1:100 (మోటారు 100 చుట్లకు చక్రం ఒక చుట్టు) అయితే, చక్రం ఒక చుట్టుకు 700 రావాలి. కానీ గేరుపెట్టె మీద రాసిన నిష్పత్తి తరచుగా సుమారుగా సవరించి రాసిన అంకె. కాబట్టి చక్రానికి టేపుతో గుర్తు పెట్టి, మోటారును నెమ్మదిగా నడిపి, సరిగ్గా 10 చుట్లు తిరిగాక వచ్చిన లెక్కను 10తో భాగించండి. ఆపడంలో వచ్చే చిన్న తేడా కూడా పదో వంతుకు తగ్గిపోతుంది. చక్రాన్ని చేత్తో బలంగా తిప్పితే గేర్ల పళ్లు విరగవచ్చు, ఆ పని చేయవద్దు. 43 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం చుట్టుకొలత సుమారు 135 మిల్లీమీటర్లు కనుక, 700 లెక్కన ఒక్కో పల్స్ దాదాపు 0.19 మిల్లీమీటరు ప్రయాణం. రోబోకు ఇంత సూక్ష్మత ధారాళంగా సరిపోతుంది.

ఇక వేగ నియంత్రణ. ప్రతి 20 మిల్లీసెకన్లకు ఎన్ని పల్స్‌లు వచ్చాయో చూసి, కావలసిన సంఖ్యలోంచి తీసివేస్తే లోటు తెలుస్తుంది. ఆ లోటును ఒక గుణకంతో, ఇంతవరకు పోగైన లోటును మరో చిన్న గుణకంతో హెచ్చించి, రెండూ కలిపి పీడబ్ల్యూఎంగా పంపాలి. మొదట రెండో గుణకాన్ని సున్నాగా ఉంచి, మోటారు వణకడం మొదలయ్యే వరకు మొదటిదాన్ని పెంచి, అక్కడి నుంచి సగానికి తగ్గించండి. ఆ తర్వాతే రెండోదాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. రెండు మోటార్లకూ ఒకే లక్ష్యం ఇవ్వండి, అయితే నెమ్మదైన మోటారు అందుకోగల గరిష్ఠ వేగంలో నాలుగింట మూడు వంతులకు మించి అడగవద్దు. పీడబ్ల్యూఎం 180ని తాకిన మోటారుకు వేగం పెంచుకునే వీలుండదు కాబట్టి, ఆ సమయంలో లోటును పోగు చేయడం కూడా నిలిపివేయాలి.